పాత టెలివిజనుకు పునర్జీవనము

హైదరాబాదునుండి నాందేడునకు పోవు రహదారిమీద, కామారెడ్డి జిల్లాలో, పిట్లమను ఊరు కలదు. మంజీరానదికి అడ్డముగా 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగరము దానికి సమీపముననే యున్నది. 2016లో జిల్లాలను విభజించువరకు ఈ ఊరు నిజామాబాదు జిల్లాలోనిది. ఇట్టి ఊళ్లలో పాతయిండ్ల అటకలమీద నానావిధములైన వస్తువులు పడియుండును. చిలుము పట్టిన గంగాళము, కాలు విరిగిన కుర్చీ, పెండ్లినాటి ట్రంకుపెట్టె మొదలగువాని నడుమ ఎప్పుడైన ఒక బరువైన కొయ్యపెట్టె కనబడవచ్చును. దాని ముందువైపున ఉబ్బెత్తుగా నుండు బూడిదవన్నె గాజుతెర, ప్రక్కన రెండు మూడు గుండ్రని మీటలు, వెనుక చిల్లుల అట్ట యుండును. పట్నములో ఉద్యోగము చేసినవారెవరో ఏనాడో తెచ్చిన వాల్వుల టెలివిజను అది యని యనుకొందము.

పాతసామాను కొనువాడు దానికి వెల కట్టినచో రాగితీగకును ఇనుమునకును మాత్రమే కట్టును. ఇంటివారికి అది అడ్డము. కాని అట్టి పెట్టెను వెదకి తెచ్చుకొని, నెలలతరబడి శ్రమించి, దానిని మరల వెలిగించుటయే వినోదముగా పెట్టుకొన్నవారు లోకమున అనేకులు కలరు. ఇంగ్లండులో పాత రేడియోలను, టెలివిజనులను పోషించువారి సంఘమొకటి 1976లో ఏర్పడినది. అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి హిలియర్డు అను ఊరిలో తొలినాటి టెలివిజనులకై ప్రత్యేకముగా ఒక ప్రదర్శనశాలయే వెలసినది. సాధారణముగా మరమ్మతు చేయువాడు చెడినది తీసి క్రొత్తది వేయును. ఈ ఔత్సాహికులు ముందుగా ఆ యంత్రమును నిర్మించినవాని ఆలోచనను తెలిసికొందురు. తరువాతనే చేయి పెట్టుదురు.

తెలుగునేలమీద ఇట్టి సెట్లు అరుదుగా దొరకుటకు కారణము కలదు. మన దేశములో టెలివిజను 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో మొదలైనది. బొంబాయికి 1972లోను, మద్రాసునకు 1975లోను, హైదరాబాదునకు 1977లోను కేంద్రములు వచ్చినవి. ఈలోగా 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు విద్యాప్రసారములను పంపిన గొప్ప ప్రయోగము జరిగినది. దానికి 'సైట్' అని పేరు. పిట్లమునకు పొరుగున నుండిన మెదకు జిల్లా ఆ ప్రయోగమునకు ఎన్నుకొనబడిన జిల్లాలలో నొకటి. ఆ గ్రామములకు వలసిన సెట్లను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారు తయారు చేసిరి. 1967లో స్థాపింపబడిన ఆ సంస్థకు తొలినాయకుడు పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావు. అయితే ఆ సెట్లు వాల్వులవి కావు, ట్రాన్సిస్టర్లవి. ఆ కాలమున ఇతర సంస్థలు కొన్ని వాల్వులును కొన్ని ట్రాన్సిస్టర్లును కలిపి సెట్లు చేయుచుండెను. 1982లో రంగుల టెలివిజను వచ్చిన పిమ్మట వానిని అడుగువారే కరవైరి. కనుక మన ప్రాంతమున వాల్వు టెలివిజనుల కాలము చాల కొద్దిపాటిది. ఒక్క సెట్టు పాతసామానులో కలిసినను ఆ లోటు తీరునది కాదు.

వాల్వు అనగా గాలి తీసివేసిన గాజుబుడ్డి. దానిలోపల ఒక లోహపుగొట్టము ఎఱ్ఱగా కాగి ఎలక్ట్రానులను వెదజల్లును. ఎదుట నున్న పలక ధనవిద్యుత్తుతో వానిని తనవైపు లాగికొనును. ఇంగ్లండులో ఫ్లెమింగు 1904లో ఇట్టి రెండు భాగముల వాల్వును నిర్మించెను. అమెరికాలో డిఫారెస్టు 1906లో ఆ రెండింటినడుమ సన్నని తీగజల్లెడ నొకదానిని అమర్చెను. చెఱువుతూమును కొంచెము ఎత్తి దించినచో కాలువలో పాఱు నీరంతయు హెచ్చుతగ్గులగును గదా! ఆ జల్లెడమీది స్వల్పమైన విద్యుత్తు మార్పు అట్లే పెద్ద ప్రవాహమును శాసించును. ఆకాశమునుండి వచ్చు బలహీనమైన సంకేతము ఇంటినిండ వినబడు ధ్వనిగా మారుటకు ఈ తూమే ఆధారము.

పిక్చరు ట్యూబు కూడ ఒక పెద్ద వాల్వే. దాని మెడలో పుట్టిన ఎలక్ట్రానుల ధార తెరమీద పూసిన పొడిని తాకి వెలిగించును. రైతు మడిని సాలువెంట సాలుగా దున్నునట్లు ఆ ధార తెరను గీతవెంట గీతగా దున్నును. మన దేశపు పద్ధతిలో ఒక బొమ్మకు 625 గీతలు. సెకనుకు 25 బొమ్మలు. అనగా ఒక్క సెకనులో 15,625 గీతలు! మొదట బేసిసాళ్లు, తరువాత సరిసాళ్లు దున్నుటచేత కన్నునకు మినుకుమినుకు తోచదు.

వాల్వులమీద వ్రాసియుండు పేర్లు తొలుత మంత్రాక్షరములవలె కనబడును గాని, ఐరోపా వారి పద్ధతి తెలిసినచో అవి కథ చెప్పును. పి.సి.ఎల్. 82 అను వాల్వును చూడుడు. మొదటి అక్షరమగు 'పి' దానిని కాచు విద్యుత్తు 300 మిల్లీ ఆంపియర్లని చెప్పును. 'సి' యనగా మూడు భాగముల వాల్వు. 'ఎల్' అనగా స్పీకరు వంటివానిని నడుపగల అయిదు భాగముల వాల్వు. రెండును ఒకే గాజుబుడ్డిలో నున్నవన్నమాట. అంకెలలో మొదటిదైన 8 దానికి తొమ్మిది సూదులు గల పీఠమని తెలుపును. రేడియోలలో తరచుగా కనబడు ఇ.ఎల్. 84 లోని 'ఇ' కాచుటకు 6.3 వోల్టులు కావలెనని చెప్పును. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961లో వాల్వుల తయారీని ఆరంభించినప్పుడు ఈ పద్ధతి పేర్లే మన దేశమందును వాడుకలోనికి వచ్చినవి.

'పి' తరగతి వాల్వులను కాచు తీగలన్నియు దండలో పూసలవలె ఒకదానివెంట నొకటి కూర్పబడియుండును. పెండ్లిపందిరిలోని సీరియలు బల్బులలో నొకటి పోయినచో వరుస అంతయు ఆరిపోవునట్లు, ఒక్క వాల్వుతీగ తెగినచో సెట్టంతయు చల్లబడును. అనుభవము లేనివాడు సెట్టు సర్వనాశనమైనదని తలచును. తెలిసినవాడు మీటరుతో ఒక్కొక్క బుడ్డిని పరీక్షించి తెగినదానిని పట్టుకొనును.

ఈ విద్యను నేర్వదలచినవారు టెలివిజనుతో ఆరంభింపరాదు. వాల్వు రేడియోయే మొదటిమెట్టు. మామూలు రేడియోలో అయిదారు వాల్వులకు మించి యుండవు. 1946లో అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థ వెలువరించిన 630 రకపు టెలివిజనులో పిక్చరు ట్యూబుతో కలిసి 30 బుడ్లుండెను. దాని తెర మాత్రము 10 అంగుళములే! పైగా రేడియోతో మన ప్రాంతమునకు పాతపరిచయమున్నది. హైదరాబాదులోని దక్కను రేడియో 1935లో నిజాము ప్రభుత్వము చేతిలోనికి వచ్చి, 1950 ఏప్రిలు 1న ఆలిండియా రేడియోలో కలిసినది. ఆనాటి రేడియోలన్నియు వాల్వులవే. విద్యుత్తు రాని పల్లెలకు 90 వోల్టుల డ్రైబ్యాటరీతో పలుకు రేడియోలుండెడివి. హైదరాబాదు పాతబస్తీలోని మహబూబ్ రేడియో సర్వీసు అను దుకాణము ఇట్టి రేడియోలను బాగుచేయుటలో పేరు పొందినది. రేడియోను పలికించుట నేర్చిన చేయి టెలివిజనువద్దకు పోయినప్పుడు తడబడదు.

ఇక అటకమీది సెట్టు క్రిందికి దిగినది. ఇంటిల్లిపాదికిని ఒకే ఆతురత: "ప్లగ్గు పెట్టి చూడుడు, పనిచేయునేమో!" ఎన్నియో యేండ్లుగా చెక్కుచెదరక నిలిచిన యంత్రము నాశనమగునది ఈ ఒక్కమాటతోనే. లోపల విద్యుత్తును నిలువచేయు కండెన్సర్లుండును. వానిలో పెద్దవాని బలమంతయు అల్యూమినియపు రేకుమీద నుండు పలుచని పొరలో నున్నది. ఏండ్లతరబడి విద్యుత్తు లేకున్నచో ఆ పొర క్షీణించును. అట్టి స్థితిలో ఒక్కసారిగా పూర్తి వోల్టేజి వచ్చిపడినచో కండెన్సరు వేడెక్కి పగులును. దానితోపాటు దొరకని ట్రాన్సుఫార్మరు కూడ మాడిపోవును. మైనము పూసిన కాగితపు కండెన్సర్లది మరియొక విధము. అవి తేమను పీల్చుకొని, ఆపవలసిన విద్యుత్తును కొంచెము కొంచెముగా కారనిచ్చును. అది వాల్వు జల్లెడను చేరినప్పుడు తూము పూర్తిగా తెఱచుకొన్నట్లగును. లోపలి పలక నిప్పువలె ఎఱ్ఱబడి, కొన్ని నిమిషములలో వాల్వు ప్రాణము పోవును.

కావున మొదటి దినములు చూచుటకే చెల్లును. వెనుక అట్టను విప్పి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుదురు. ఎలుకలు కొఱికిన తీగలను, పగిలిన రబ్బరును, నల్లబడిన రెసిస్టర్లను గుర్తింతురు. ఏ వాల్వు ఏ పీఠములో నున్నదో బొమ్మ గీసికొందురు. వాల్వులను తడిగుడ్డతో తుడువరు. ఏలనన పేరు చెరిగిపోయిన వాల్వు ఊరు పేరు లేని బాటసారివంటిది. కాగితపు కండెన్సర్లను తీసివేసి క్రొత్తవి వేయుదురు. పెద్ద కండెన్సర్లకు రెసిస్టరుద్వారా స్వల్పమైన వోల్టేజినిచ్చి, గంటలకొలది మెల్లమెల్లగా పెంచుచు పోవుదురు. పొర బాగుగ నున్నదైనచో తనంత తాను మరల గట్టిపడును. చిరకాలము పస్తున్నవానికి మొదట గంజినీరు పోసి, పిదప జావ, అటుపిమ్మట అన్నము పెట్టుట వంటిదే ఈ పని.

ప్రమాదమును గూర్చి కూడ చెప్పవలసియున్నది. ఈ సెట్లలో పెక్కింటికి ఇంటిలోని కరెంటు తీగ యొకటి నేరుగా లోపలి ఇనుపచట్రమునకే కలుపబడియుండును. ప్లగ్గును తిరుగవేసి పెట్టినచో 230 వోల్టులు చట్రమంతయు పాఱును. అందుచేత తెలిసినవారు ఐసొలేషన్ ట్రాన్సుఫార్మరు లేనిదే సెట్టును బల్లమీద నడుపరు. నడిపినప్పుడును ఒక చేతినే వాడుదురు. పిక్చరు ట్యూబునకు చేరు వోల్టేజి 15,000కు పైబడియుండును. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడ ఆ ట్యూబు తానే ఒక కండెన్సరై విద్యుత్తును దాచుకొనును. దానిని చట్రమునకు పారించివేయక ముట్టరాదు. మరియు ట్యూబులో గాలి లేదు. 20 అంగుళముల తెరకు ముఖవైశాల్యము సుమారు 1,200 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రాము చొప్పున ఆ గాజుమీద బయటిగాలి యొత్తిడి ఒక టన్నును మించును. సన్నని మెడకు దెబ్బ తగిలినచో లోనికి చొచ్చుకొనిపోవు గాలి గాజును ముక్కలు ముక్కలుగా చిమ్మగలదు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు ఒంటరిగా చేయదగిన పని కాదిది. పెద్దలచెంత కూర్చుండి చూడవచ్చును, పటములు గీయవచ్చును, బ్యాటరీ రేడియోమీద చేయి తిప్పుకొనవచ్చును.

అయితే పిల్లలు మాత్రమే చేయగల సహాయమొకటి కలదు. సెట్టునకు తొలిసారి కరెంటు ఇచ్చునప్పుడు నేరుగా ఇయ్యరు. మెకానిక్కులు 'సీరీసు బోర్డు' అనెడి పలకమీద నూరు వాట్ల బల్బునొకదానిని నడుమ నుంచి ఇత్తురు. లోపల ఎక్కడనైన తీగలు కలిసిపోయినచో ఆ బల్బు పూర్తిగా వెలిగి అపాయమును తెలుపును. బల్బు కొంచెము వెలిగి మందగించినచో ముందుకు పోవచ్చును. పిదప బల్బును తొలగించి పూర్తి కరెంటు ఇత్తురు. ఒక నిమిషమునకు వాల్వులు ఒక్కొక్కటిగా నారింజవన్నెకు తిరుగును. అప్పుడు గీతలు గీయు భాగము పనిచేయుచున్నచో సెకనుకు 15,625 సార్లు కదలు ట్రాన్సుఫార్మరునుండి సన్నని ఈల పుట్టును. వయసు మీరినవారి చెవికి అంత సన్నని ధ్వని అందదు. అరువదియేండ్ల మెకానిక్కు నిశ్శబ్దమని తలచుచుండగా ప్రక్కన నున్న మనుమడు, "తాతా, ఈల వినబడుచున్నది" అనగలడు.

దానినిబట్టి రోగనిర్ణయము మొదలగును. మాట వినబడుచు, తెర చీకటిగా నుండి, ఈలయు లేనిచో గీతల భాగములోని వాల్వులను వెదకవలెను. ఈల యుండియు చీకటియే యైనచో ఆ పెద్ద వోల్టేజిని ట్యూబునకు అందించు చిన్న వాల్వునో, ట్యూబునో అనుమానింపవలెను. తెరనడుమ ఒకే తెల్లని అడ్డుగీత నిలిచినచో ధార ప్రక్కలకు పోవుచున్నది గాని క్రిందికి మీదికి కదలుట లేదు. నిలువు కదలిక నిచ్చు భాగము చెడినదని అర్థము. అప్పుడు వెంటనే వెలుతురు తగ్గింపవలెను. లేనిచో ఆ గీతయున్నచోట తెరపొడి కాలి శాశ్వతముగా మచ్చపడును. బొమ్మ చక్రమువలె పైకి దొరలుచున్నను, అడ్డముగా చీలి వాలినను, ధార ప్రసారకేంద్రముతో తాళము తప్పినదన్నమాట. నల్లనిపట్టె యొకటి తెరమీద మెల్లగా ప్రాకుచున్నచో పెద్ద కండెన్సరు ఇంకను పూర్తిగా కోలుకొనలేదు. వైద్యుడు నాడి చూచునట్లు ఈ సెట్టులో తెరను చూచియే లోపలి దోషమును చెప్పవచ్చును. నేటి టెలివిజను చెడినచో నల్లగా మౌనముగా నుండును. దానిని చూచి ఏమియు చెప్పుటకు వీలులేదు. పాతసెట్లమీద ఔత్సాహికులకు గల మమకారమునకు ఇదియే ముఖ్యకారణమని తోచుచున్నది.

అన్నింటిని మార్చవచ్చును గాని పిక్చరు ట్యూబును మార్చుట దుర్లభము. ఏండ్లవాడుకచేత దాని మెడలోని ఎలక్ట్రానుల ఊట సన్నగిల్లి బొమ్మ వెలవెలబోవును. ఒకప్పుడు మెడను కోసి క్రొత్తభాగమును అతికి, గాలి తీసి, మరల మూయు కార్ఖానాలుండెను. అమెరికాలో ఐయోవా రాష్ట్రమున మిగిలిన అట్టి కడపటి కార్ఖానాలలో నొకటి 2010లో మూతపడినది. ఆ పని తెలిసిన చేతులు నానాటికి తరిగిపోవుచున్నవి. అందుచేత ట్యూబు బలహీనమైనను, దానిని అట్లే కాపాడుకొనుచు, సాయంకాలము మసకవెలుతురులో అరగంటసేపు మాత్రము నడిపి తృప్తిపడువారే యెక్కువ.

కొందరు తొందరపడి లోపలిదంతయు పెరికివేసి, పాతపెట్టెలో క్రొత్త పలుచని తెరను బిగింతురు. చూచుటకు వింతగా నుండును గాని అది పునరుద్ధరణము కాదు, వేషము. మరికొందరు ఇందుకు వ్యతిరేకముగా క్రొత్త కండెన్సరును పాత మైనపు గొట్టములోనే దాచి, బయటికి ఏమియు మారనట్లు అమర్తురు. ఇది ఓపికగల పని. ఏదియేమైనను తీసివేసిన భాగములను పారవేయరు. ఒక గుడ్డసంచిలో కట్టి పెట్టెలోపలనే ఉంచుదురు.

సెట్టు వెలిగిన తరువాత మరియొక చిక్కు. చూచుటకు ప్రసారమేది? దూరదర్శను వారి పాతపద్ధతి ప్రసారకేంద్రములు క్రమక్రమముగా మూయబడి, 2022 నాటికి మిక్కిలి కొద్దిమాత్రమే మిగిలినవి. ఒకప్పుడు హైదరాబాదు బొమ్మను అందుకొనుటకు దూరపుటూళ్లలో మిద్దెలమీద ఎత్తైన గొట్టములకు ఏంటెన్నాలు కట్టెడివారు. నేడు ఎంత ఎత్తున కట్టినను పిట్లములో పాతసెట్టునకు చిక్కునది 'మంచు' మాత్రమే. కావున మాడ్యులేటరు అను చిన్న పెట్టెను ఏంటెన్నా రంధ్రమునకు కలిపి, దానిద్వారా ఏ పాత నలుపుతెలుపు సినిమానో పంపుదురు. అంగుళమంత వెడల్పుగల ఆ చిన్నపెట్టెయే ఆ సెట్టునకు ప్రసారకేంద్రము.

పని ముగిసిన పిమ్మట ఔత్సాహికుడు ఒక తెల్లకాగితమును తీసికొనును. ఏ తేదీన ఏ భాగమును మార్చినది, దాని పాతవిలువ యెంత, క్రొత్తవిలువ యెంత, ఏ వాల్వు బలహీనముగా నున్నది, చట్రములో ఏ తీగ కరెంటుది, ఇవన్నియు స్పష్టముగా వ్రాసి, ఆ కాగితమును వెనుక అట్టకు లోపలివైపున అంటించును. మరి యిరువదియేండ్లకు ఆ అట్టను విప్పువా డెవడైనను ప్లగ్గు పెట్టకముందే దానిని చదువవలెనని పైన ఎఱ్ఱసిరాతో ఒక పంక్తి చేర్చును.